ఆశ్వాసము, విరామము, అంతరాయము

తెలుగు కావ్యములను చదువువారికి ఆశ్వాసమనునది అధ్యాయమునకు మాఱుపేరుగ తోచుట సహజము. కాని ఆ శబ్దమునకు ఊపిరి పీల్చుకొనుట, సేదదేరుట అనునవియే తొలి యర్థములు. ఆఖ్యాయికను ఉచ్ఛ్వాసములుగ విభజింపవలెనని సంస్కృతాలంకారికులు చెప్పిరి. బాణభట్టు హర్షచరితమును ఎనిమిది ఉచ్ఛ్వాసములుగ రచించెను. ప్రాకృత మహాకావ్యములందలి సర్గలకు ఆశ్వాసములని పేరు. పంపమహాకవి విక్రమార్జునవిజయమును పదునాలుగు ఆశ్వాసములుగ కూర్చెను. నన్నయ మొదలుకొని మన కవులలో పెక్కండ్రు ఈ విభాగమునే గ్రహించిరి. ఉచ్ఛ్వాసమైనను ఆశ్వాసమైనను పేరులో నున్నది శ్వాసయే. కథ చెప్పువాడు ఎచ్చట ఊపిరి తీయునో అచ్చట గ్రంథము ఆగును. ఆ చోటు నిర్ణయించుట కవి యధికారము.

ఇప్పుడు నేను ప్రస్తావింపదలచినది కావ్యములలోని ఆశ్వాసమును గాదు. తెలుగు టెలివిజను ఛానెళ్లలోని వాణిజ్య విరామమును. ఒక విశ్వవిద్యాలయ పరిశోధనపత్రికలో దీనికి చోటేల యని విజ్ఞులు కొందఱు శంకింపవచ్చును. నేడు తెలుగు కథను అధికసంఖ్యాకులు వినుచున్నది ఆ ఛానెళ్ల ద్వారమున. ఆ కథ ఏ గంటకు మొదలు కావలెను, ఎన్నిమార్లు తెగవలెను, తెగినచోట ఎవరి మాట వినిపింపవలెను అనువానిని నిర్ణయించునది ప్రసారపట్టిక. కావున ప్రసారపట్టిక సాహిత్యరూపములలో నొకటి. దానిని ఆ దృష్టితో పరిశీలింపకపోవుట మన శాఖలలో నున్న పెద్ద కొఱత.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. కథ నడుమ వర్తకుని ప్రశంస చొచ్చుట ఈ కాలపు దౌష్ట్యమని, మన సంప్రదాయము దీని నెఱుగదని కొందఱు వాపోవుదురు. ఆశ్వాసాద్యంత పద్యములను గుర్తు తెచ్చుకొన్నచో ఈ వాపోత నిలువదు. ప్రతి యాశ్వాసముయొక్క తొలిపద్యమున కవి కృతిభర్తను సంబోధించును. కడపట మరల అతనినే స్తుతించి, గద్యము చెప్పి ముగించును. కథ ఆగినచోట పోషకుని పేరు వినబడుట అనగా ఇదియే. తిక్కన హరిహరనాథుని, పోతన శ్రీరాముని ఆ స్థానమున నిలిపిరి. వారు స్థానమును తీసివేయలేదు, అందు కూర్చుండువానిని మార్చిరి.

శ్రీనాథుని హరవిలాసము మఱింత స్పష్టమైన యుదాహరణము. ఈ యేడాశ్వాసముల కావ్యమునకు కృతిభర్త అవచి తిప్పయ్యసెట్టి. అతడు రాజు గాడు, సుగంధద్రవ్యముల వర్తకుడు. అవతారికయందు అవచివారి వ్యాపారవైభవమును వర్ణించుచు శ్రీనాథుడు సింహళమునుండి వచ్చిన ఏనుగులను, హురుమంజి గుఱ్ఱములను, భోటదేశపు కస్తూరిని, చీనాంబరములను పేరుపేరున పేర్కొనెను. సరకు పేరు, అది దొరకు దేశము, తెచ్చినవాని కీర్తి ఆ పద్యమున నొకచోట చేరినవి. నేటి ప్రకటన కర్త చేయునది ఇంతకంటె భిన్నముగ లేదు. పండితులు ఆ పద్యమును దేశచరిత్రకు ఆధారముగ గైకొని ఎంతయో చర్చించిరి. ఆ చర్చ సమంజసము. అదే దృష్టి ఈనాటి ప్రకటనల విషయమున మనకు కలుగకుండుటయే వింత.

కావ్యములను విడిచి ప్రదర్శనకళలను చూచినను ఇంతియే. తోలుబొమ్మలాటలో సీతాన్వేషణము నడుమ కేతిగాడును బంగారక్కయు వచ్చి గోల చేయుదురు. హరికథకుడు పిట్టకథ చెప్పును. నేనున్న ఈ వంగదేశమున చండీమంగళము వంటి కావ్యములు మంగళవారమునుండి మరుసటి మంగళవారమువఱకు ఎనిమిదినాళ్లు గానము చేయబడెడివి; పగటి పాలా, రాత్రి పాలా యని కథాభాగములు ఆ కాలక్రమమును బట్టియే ఏర్పడెను. కవికంకణ ముకుందరామ చక్రవర్తి కావ్యమున ఘట్టముల కొలత పాడు సమయముయొక్క కొలత. ప్రసారపట్టికను మనసులో నుంచుకొని రచించుట నిన్న పుట్టినది గాదని చెప్పుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదు.

మఱి ఇప్పుడు మాఱినది ఏమి? విరామముయొక్క చోటు కథకుని చేతినుండి జాఱిపోయినది. వర్తకుని ప్రశంస కథకుని భాషలో నుండుట మానినది. ఈ రెండింటిని విడివిడిగ చూడవలెను.

తెలుగు టెలివిజను పుట్టుక ప్రకటనలతో కాలేదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరముపాటు ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బోధనకార్యక్రమములు ప్రసారమైనవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. పల్లెటూరివారు తొలిసారి తెరపై తెలుగు విన్నది అప్పుడే; నడుమ అమ్మకపు మాట లేదు. దూరదర్శన్ 1976 జనవరి 1నుండి వాణిజ్య ప్రకటనలను స్వీకరింప మొదలిడెను. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. 1995లో జెమిని, ఈటీవీ ప్రారంభమగుటతో తెలుగున దినదిన ధారావాహికకు స్థిరమైన మార్కెట్టు ఏర్పడెను. ఈ ఛానెళ్లకు ప్రకటనలే ప్రధానమైన జీవనాధారము. అందువలన పట్టికయందలి ప్రతి అరగంటయు ఒక దుకాణపు గది వలె అద్దె కివ్వవలసినదైనది. ప్రకటనకాలమునకు లెక్క పది సెకండ్లు. ఈ లెక్క తెలియక తెలుగు సీరియలు నిర్మాణమును వివరించుట, గణములు తెలియక వృత్తమును వివరించుట వంటిది.

అరగంట సీరియలులో కథకు దక్కునది సుమారు ఇరువది నిమిషములు. మొదట నిన్నటి కథ కొంత, పిమ్మట పేర్ల పాట, చివర “తరువాయి భాగం”. మిగిలిన కథ మూడు నాలుగు ఖండములుగ తెగును. ప్రతి ఖండము కడపట ఒక యుత్కంఠ నిలుపవలెను, లేనిచో చూపరి వేఱొక ఛానెలునకు మరలును. మరలినను ఫలము తక్కువ. అచటను అదే వేళకు ప్రకటనలే నడచుచుండుట నిత్యానుభవము. వారపత్రికలలో నవల “సశేషము” అని ఆగినప్పుడు పాఠకునికి ఏడు దినముల యాలోచన దొరకెడిది. ఇక్కడ మూడు నిమిషములు దొరకును, వానినిండ సబ్బులును బంగారు నగలును. అందుచేత సీరియలు రచయిత ఉత్కంఠను బుద్ధిపై గాక కంటిపై నిలుపవలసియున్నది. ఒకే ముఖమును మూడు దిక్కులనుండి చూపుట, ఉఱుము వంటి ధ్వని, అందఱి కన్నులను వరుసగ చూపుట ఇందుకొఱకే. పరిహసించుట సులభము. ఇవి ఆ రూపమునకు యతిస్థానములని గుర్తించుట కష్టము.

ఈ రూపము చిన్నది గాదు. 2017 అక్టోబరులో స్టార్ మా ఛానెలున మొదలైన కార్తీకదీపము 2023 జనవరివఱకు 1,500కు పైగా భాగములుగ నడచినది. భాగమునకు ఇరువది నిమిషముల చొప్పున లెక్కించినచో ఐదువందల గంటల తెలుగు సంభాషణ.  మలయాళమున కరుత్తముత్తు పేరుతో వచ్చిన సీరియలు దీనికి మూలము. ఐదేండ్లకు పైగా రాత్రి ఏడున్నర గంటలకు తెలుగిండ్లలో భోజనవేళయు ఫోనులు చేయువేళయు దీనిని బట్టి మాఱెను. పురాణశ్రవణము ఊరి కాలమును శాసించినట్లే ఇదియు శాసించినది.

విరామముల విషయమున శాసనము లేకపోలేదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమావళికి 2006లో చేర్చిన నియమము ప్రకారము గంటకు ప్రకటనలు 12 నిమిషములు మించరాదు. అందు వాణిజ్య ప్రకటనలు 10, ఛానెలు తన కార్యక్రమములను గూర్చి తాను చేసికొను చాటింపు 2. పిమ్మట 2012లో ట్రాయ్ సంస్థ మఱికొన్ని నిబంధనలు చేసినది. రెండు విరామముల నడుమ కనీసము 15 నిమిషములు, చలనచిత్రమైనచో 30 నిమిషములు ఎడముండవలెననియు, ప్రకటన ధ్వని కార్యక్రమపు ధ్వనిని మించరాదనియు, తెరలో ఒక భాగమున ప్రకటన చూపరాదనియు అందు కలదు. ఛానెళ్లవారు అభ్యంతరము చెప్పిరి. 2013 మార్చిలో సవరణ వచ్చినది. ఎడము, ధ్వని, తెరభాగములను గూర్చిన నిబంధనలు తొలగెను, 12 నిమిషముల లెక్క మాత్రము మిగిలెను. ఆ మిగిలిన దానిపైనను వివాదము ఢిల్లీ హైకోర్టు చేరగా, కఠినచర్యలు తీసికొనవలదని 2013 డిసెంబరులో మధ్యంతరముగ ఆదేశము వెలువడినది.

ఇందు భాషాసాహిత్య విద్యార్థికి ముఖ్యమైనది 12 అను సంఖ్య గాదు. పోయిన నిబంధనలు గ్రంథమును రక్షించునవి. నిలిచిన నిబంధన గడియారమును రక్షించునది. కథ ఎచ్చట తెగవచ్చును అను ప్రశ్నను మన చట్టము ఒక యేడాదిపాటు అడిగి, మరల అడుగుట మానివేసినది. ఐరోపా సమాఖ్య 2010లో చేసిన నిర్దేశమున ప్రకటనలు కార్యక్రమముయొక్క సమగ్రతను చెఱుపరాదనియు, అందలి స్వాభావిక విరామములను గమనింపవలెననియు స్పష్టముగ నున్నది. స్వాభావిక విరామము అనగా నేమి? ఈ ప్రశ్నకు న్యాయవాది యొంటిగ సమాధానము చెప్పజాలడు. ఆశ్వాసాంతమును, యతిని, సంధివిశ్లేషమును చదివినవాడే చెప్పగలడు. 2012 నాటి చర్చలో ఛానెళ్ల యజమానులు మాటలాడిరి, ప్రకటనకర్తలు మాటలాడిరి, వినియోగదారుల సంఘములు మాటలాడెను. మన శాఖలు ఆ చర్చలో వినిపించినట్లు నా యెఱుకలో లేదు.

విరామమునకు మనము పెట్టుకొనిన పేరులను కొంచెము గమనింపవలెను. దూరదర్శన్‌లో ప్రసారము చెడినప్పుడు “అంతరాయానికి చింతిస్తున్నాము” అను ఫలకము కనబడెడిది. అంతరాయమనగా విఘ్నము, దానికి సంస్థ క్షమాపణ చెప్పెడిది. పిదప యాంకర్లు “ఇప్పుడొక చిన్న విరామం” అనిరి. విరామమున క్షమాపణ లేదు, విశ్రాంతి యున్నది. ఆ తరువాత “బ్రేక్ తీసుకుందాం” వచ్చినది. ఇందు విశ్రాంతియు లేదు. తీసికొనువాడు మాత్రము చూపరియును కలిసిన “మనము”. చూపరి అడుగని దానిని చూపరి కోరినట్లు చెప్పు ఈ క్రియాపదము, మన భాషలో ఇటీవల పుట్టిన చిత్రమైన ఉత్తమపురుష బహువచనములలో నొకటి. “ఎక్కడికీ వెళ్లకండి” అను నిషేధము దీనికి జత. ముప్పదియేండ్లలో అంతరాయము విరామమై, విరామము బ్రేకైన ఈ క్రమమును వ్రాయుటకు అర్థవిపరిణామముపై ఒక చిన్న వ్యాసము చాలును. ఎవరైన విద్యార్థి పూనుకొన్న బాగుండును.

ఇక నేనున్న చోటును గూర్చి చెప్పవలెను. కోల్‌కతాకు ఈశాన్యమున, ఉత్తర ఇరువదినాలుగు పరగణాల జిల్లాలో, రాజార్‌హాట్ పొలములలో లేచిన నగరము న్యూ టౌన్. దీని నిర్మాణమునకై హిడ్కో సంస్థ 1999లో ఏర్పడినది. వీథులకంటె యాక్షన్ ఏరియాల సంఖ్యలే ఇచ్చట ముందు వాడుకకు వచ్చినవి. సాఫ్టువేరు కార్యాలయములలో పనిచేయు తెలుగు కుటుంబములు ఇందలి అపార్టుమెంటులలో చెదరి యున్నవి. ఖరగ్‌పూరు తెలుగువారి స్థితి వేఱు. రైల్వే పనికై వచ్చి తరతరములుగ ఒక్కచోట నిలిచిన సమూహమది. వారి నుద్దేశించియే 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు అంగీకరించినది. న్యూ టౌన్ తెలుగువారికి పేట లేదు, బడిలో తెలుగు లేదు, ఎదురింటివారు ఏ భాషవారో లిఫ్టులో మాటలాడినప్పుడుగాని తెలియదు. అమ్మమ్మ వచ్చి యున్న రెండు మాసములు తీసివేసినచో, ఇచ్చటి బిడ్డ ఇంటివారి నోట గాక ఇతరులనుండి వినెడి తెలుగు టెలివిజను తెలుగే.

ఆ తెలుగును కూడ కోరి తెచ్చుకొనవలెను. 2019లో అమలులోనికి వచ్చిన ధరల విధానము చూపరి కోరిన ఛానెలునకే వెల కట్టవలెనని యేర్పఱచెను. బెంగాలు చూపరులకై కూర్చిన కట్టలలో తెలుగు సాధారణముగ ఉండదు. ఛానెళ్ల జాబితాలో ఒక వర్గమునకు చెందినవి ఒకచోట, అందును ఒక భాషవి వరుసగ నుండవలెనని నిబంధన కలదు గనుక తెలుగు ఎక్కడ నున్నదో వెదకుట సులభము, అంతవఱకు మేలు. కాని ఇచ్చటి చూపరి ఆ పట్టిక లెక్కలో లేడు. తెలుగు ఛానెలునకు ప్రకటన నిచ్చువాడు ఆంధ్ర, తెలంగాణములలోని చూపరుల సంఖ్యను చూచును. విజయవాడలో భోజనము ఎప్పుడు చేయుదురో దానిని బట్టి ఏడున్నర నిర్ణయమగును. న్యూ టౌన్‌లో తల్లిదండ్రులు ఆ వేళకు ఇంకను కార్యాలయము బండిలోనే యుందురు. ఇది ఫిర్యాదు గాదు. వెల చెల్లించినను లెక్కకు రాని శ్రోతృవర్గ మొకటి ఉన్నదని చెప్పుట మాత్రమే.

విచిత్రమేమనగా, ఇట్టి శ్రోతకు కథకంటె ప్రకటనయే స్వదేశవార్త. సీరియలులోని ఇల్లు ఏ యూరిలో నున్నదో చెప్పుట కష్టము. అది ఏ యూరిలోను లేకుండునట్లు కట్టిన యిల్లు. ప్రకటనలో మాత్రము ఊరి పేరు తప్పదు: దుకాణము ఏ కూడలిలో నున్నదో, ఇండ్లస్థలము ఏ రహదారి ప్రక్కన నున్నదో చెప్పక సరకు అమ్ముడుపోదు. సీరియలులో ఋతువులు లేవు. ప్రకటనలలో ఆషాఢపు తగ్గింపులు, శ్రావణమాసపు పట్టుచీరలు, వేసవి పచ్చళ్ల కారములు, సంక్రాంతి బియ్యపుపిండి అన్నియు వేళకు వచ్చును. ఇచ్చటి బెంగాలీలకు సంవత్సరాంతమున చైత్రపు అమ్మకములు. మనకు ఆషాఢపు అమ్మకములు. శుభకార్యములు లేని మాసమున దుకాణములకు బేరము తగ్గును గాన ఆషాఢమున వెలలు తగ్గుననునది ఈ పరాయి నగరమున పుట్టిన తెలుగు బిడ్డకు ప్రకటనవలననే తెలియుచున్నది. పంచాంగము చేయవలసిన పనిని ప్రకటన చేయుచున్నది. విరామమును పూర్తిగ తొలగింపవలెనను మిత్రులతో నేను ఏకీభవింపకుండుటకు ఇది యొక కారణము.

అయినను ప్రకటనలన్నియు ఒక జాతివి గావు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల దుకాణములవారు చేయించుకొను ప్రకటనలు తెలుగులో పుట్టినవి. వానిలో ప్రాసలు చవుకబాఱినవైనను ప్రాసలే. దేశమంతట అమ్ముడగు సరకుల ప్రకటనలు హిందీలోనో ఇంగ్లీషులోనో పుట్టి తెలుగునకు మాఱినవి. ఈ రెండవజాతి తెలుగున వాక్యము తలక్రిందులై యుండును. నటి పెదవుల కదలికకు సరిపడవలెను గాన క్రియ ముందుకు దూకును: “పొందండి మెరిసే చర్మం”, “ఇది ఇస్తుంది మీ పిల్లలకు పూర్తి శక్తి” వంటి నిర్మాణము ప్రతిదినము వినునదే. తెలుగున క్రియ ముందు రాకూడదని కాదు. వక్త నొక్కి చెప్పదలచినప్పుడు వచ్చును, పద్యమున ఛందస్సునకై వచ్చును. ఇచ్చట నొక్కును లేదు, ఛందస్సును లేదు, పెదవి యున్నది. “ఆనందించండి”, “ఆస్వాదించండి” అను సకర్మక ప్రయోగములు తినుబండారముల ప్రకటనలనుండి వచ్చి స్థిరపడినవి.

మా భవనమున తొమ్మిదేండ్ల తెలుగు బాలుడొకడు గలడు. ఒకనాడు వారింటికి పోగా తల్లి చెప్పినది గాబోలు, చేగోడీల పళ్లెము తెచ్చి నా ముందుంచి, “అంకుల్, ఆస్వాదించండి” అనెను. అతని ఉచ్చారణలో దోషము లేదు, మర్యాదలో లోపము లేదు. “తీసికోండి” అను మాట మాత్రము అతనికి ఎవరును వినిపింపలేదు. ఇంటిలో తల్లిదండ్రులు అతిథిని పలుకరించు సందర్భము ఈ నగరమున మాసమున కొకమాఱు. ప్రకటన గంటకు పదిమాఱులు. ఆ పిల్లవానికి అతిథిమర్యాద నేర్పినది విరామము. అంతరించుచున్న భాష యని మనము వేదికలపై పలుకు మాటకంటె నాకు ఆ యొక్క క్రియాపదము ఎక్కువ పని కల్పించినది.

విరామములనుండి మరల కథలకు వత్తము. ఇచ్చట కోల్‌కతా వాసికి తెలిసెడి ముచ్చట యొకటి యున్నది. 2020లో స్టార్ మాలో మొదలైన ఇంటింటి గృహలక్ష్మికి మూలము స్టార్ జల్సాలో వచ్చిన బెంగాలీ సీరియలు శ్రీమయి. 2023 జనవరిలో మొదలైన బ్రహ్మముడికి మూలము గాంట్‌ఛొడా. బెంగాలీలో గాంట్‌ఛొడా యనగా వధూవరుల వస్త్రముల కొంగులను కలిపి వేయు ముడి; తెలుగున దానికి బ్రహ్మముడి యని పేరుండుట అనువాదకులకు కలిసివచ్చినది. ఇంతకంటె అందమైన పేరుమార్పు అరుదు. సంసారము నడుపు తల్లి అవమానపడి నిలుచు కథ, మావద్ద సాయంకాలము ప్రక్క యింటిలో బెంగాలీలోను మా యింటిలో తెలుగులోను వినబడిన దినములున్నవి. 2000లో రామోజీరావుగారి సంస్థ ఈటీవీ బంగ్లాను నెలకొల్పగా తెలుగుదేశమునుండి బెంగాలునకు ఛానెలు వచ్చినది. తరువాత బెంగాలునుండి తెలుగునకు కథలు తరలెను. చక్రపాణిగారు బెంగాలీ నేర్చి శరత్తును తెలుగుచేసిన కాలమున అనువాదకుని పేరు పుస్తకముపై నుండెడిది. నేటి సీరియలు మూలభాష పేరు చెప్పవలసిన బాధ్యత నెవరును పట్టించుకొనుట లేదు. తులనాత్మక సాహిత్యశాఖలవారు శరత్ ప్రభావమును ఇంకను శోధించుచున్నారు, సంతోషము. శ్రీమయి ప్రభావము శరత్ ప్రభావముకంటె ఎక్కువ యిండ్లలో నున్నదని వారు గమనింతురుగాక.

మూలమున ఉన్న విరామములు తెలుగునకు వచ్చినప్పుడు ఎచ్చటికి కదలినవి? బెంగాలీ ఖండము ఎచ్చట తెగెను, తెలుగు ఖండము ఎచ్చట తెగెను? రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించినచో రెండు జాతుల ఉత్కంఠాస్వభావము తెలియును. కాని పరిశీలించుటకు రెండును దొరకవు. అంతర్జాలములో దొరకునది విరామములు తీసివేసిన కథ. అది ఆశ్వాసాద్యంత పద్యములును గద్యయును కోసివేసి అచ్చువేసిన భారతము వంటిది. కథ చదువుకొనవచ్చును, గ్రంథమును చదువలేము. టెలివిజను సీరియళ్లపై మన విశ్వవిద్యాలయములలో వెలువడి నా దృష్టికి వచ్చిన సిద్ధాంతవ్యాసములు పాత్రలను, స్త్రీచిత్రణను, సామాజికప్రయోజనమును చర్చించినవి; ఏ గంటకు, ఎన్ని ఖండములుగ, ఏ ప్రకటనల నడుమ అను వివరములు ఒక్క పుటలోనైన కనబడలేదు. తాళపత్రముయొక్క కొలతలను, పుటకు పంక్తులను తప్పక వ్రాయు క్రమశిక్షణ గల శాఖ మనది.

దీనికి సాధనలోపము కూడ కారణమే. ఛానెళ్లు తాము ప్రసారము చేసిన దానిని 90 దినములు భద్రపఱచవలెనని ప్రభుత్వ నిబంధన కలదు. తొంబదియొకటవ దినమున ఏమైనను అడుగువారు లేరు. 1954 నాటి చట్టము ప్రకారము అచ్చైన ప్రతి పుస్తకమును జాతీయ గ్రంథాలయమునకు చేరవలెను. ఆ గ్రంథాలయము ఈ నగరముననే, అలీపూరులో నున్నది. అచ్చట ఏ మూలనో తెలుగు వారపత్రికల ధారావాహికలు, వానితోపాటు ఆ కాలపు ప్రకటనలును కలవు. టెలివిజను ప్రసారమునకు అట్టి ఏర్పాటు లేదు. ఫ్రాన్సుదేశమున 1992 చట్టముచేత రేడియో, టెలివిజను ప్రసారములును విధిగ భద్రపఱుపబడవలసినవైనవి. అచ్చటి జాతీయ దృశ్యశ్రవ్య సంస్థయందు పరిశోధకుడు ప్రకటనలతో సహా ప్రసారములను చూడవచ్చును.

అంత పెద్దచట్టము వచ్చువఱకు మనము కూర్చుండ నక్కఱలేదు. నా సూచన చిన్నది. కేంద్రవిశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు కలిసి సంవత్సరమునకు నాలుగు దినములు ఎన్నుకొని, ఆ దినములలో ముఖ్యమైన తెలుగు ఛానెళ్ల ప్రసారమును ఉదయమునుండి అర్ధరాత్రివఱకు ఎడతెగక, విరామములతోను, తెర అడుగున పాఱు అక్షరములతోను భద్రపఱుపవలెను. ఒక్కొక్క ఖండముయొక్క ఆద్యంతకాలములు, ప్రకటనల పేర్లు, వాని భాష తెలుగున పుట్టినదా అనువాదమా యను గుర్తు, ఇంతమాత్రము వివరపట్టికయందు చేర్చినచో చాలును. పరిశోధనార్థము న్యాయమైన వినియోగమునకు 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షనులో చోటున్నది. దినమంతయు భద్రపఱచుటకు అది చాలునా, ఛానెళ్ల యనుమతి వేఱుగ కావలెనా యనునది న్యాయశాఖ మిత్రులతో ముందుగ తేల్చుకొనవలెను. అనుమతి యడిగినచో ఛానెళ్లు నిరాకరించునని ముందే అనుకొనుట యెందులకు? బెంగాలీ శాఖలును ఇదే దినములలో ఇదే పని చేసినచో శ్రీమయి, గృహలక్ష్మి వంటి జంటలను ప్రక్కప్రక్కన చదువుటకు మొదటిసారి వీలగును.

నాలుగు దినములలో ఒకటి సంక్రాంతికి, ఒకటి వేసవి సెలవులకు ఇచ్చుటకు ఎవరికిని అభ్యంతర ముండదు. మూడవది ఎన్నికల కాలమునకు వదలవచ్చును. నాల్గవదానికి ఆషాఢమాసమున పండుగ యేదియు లేని ఒక సోమవారమును నేను కోరుదును. ఆనాడు కథలు మామూలుగ నుండును, దుకాణములు మాత్రము పెద్ద గొంతుతో పిలుచును.